నాలుగించుల గాలి

మే నెల బల్లార్షాల చల్లగాలి ఎక్కడుంటదని
మేష్రామ్ భావు నవ్విండు.
వెనకాల అతని లారీ ఇంకా ఉడుకుతనే ఉన్నది.
గుప్పెడు నీళ్లు బానెట్టు మీద చల్లితే
చుర్రుమని లేచిపోయినై.

ఎత్తు ఎక్కాలంటే రొప్పుతదట.
రాజురా దాటి గడ్‌చాందూర్ బాటల
మూడో గేరుకు దిగనిదే కదలదట,
బొగ్గు మోసే బండి
బొగ్గే కక్కుతున్నట్టు పొగట.
పంపు చూసిన. నాజిళ్లు విప్పి చూసిన.
ఆఖరికి చెవి ఆనించి విన్న.
అది పీల్చేది తన పొయ్యి మీది గాలే!
మూకుట్ల ముక్కు పెట్టి
ఊపిరి తీసినట్టు.

"దూరం నుంచి తెద్దాం భావూ, గాలి."
"కొత్త సామానా?" అన్నడు,
చెయ్యి జేబు దాకా పోలే.
కిస్తులు ఇంకా పదకొండు.

దొడ్ల ఎండిన బోరు పైపు ఉండె, నాలుగించులది.
కోసిన, బిగించిన, మురిసిన.
రెండో పూటకే ఇంజను పక్కన
మైనం లెక్క మెడ వాల్చింది.
ఏం జేస్తం. మల్ల మొదటికి.

అప్పుడు కండ్లవడ్డది ఇంట్ల పాత కూలరు.
ఒక పక్క రేకు ఊడదీసి
దుంగకు చుట్టి గొట్టం జేస్తుంటే
మా స్వరూప గడప మీద నిలవడ్డది.
"లారీకి సలువ జేసి
నన్ను ఉడకబెడుతవా?"
జవాబుంటే చెప్పకపోదునా,
రివెట్లు కొట్టుకుంట కూసున్న.

సైలెన్సరు వేడి తగలకుండ
నూనె డబ్బా కోసి అడ్డం పెట్టిన, రెండు పొరలు.
నడుమ వేలు పట్టే సందు.
ఇరవై ఏండ్ల సంది ఈ పని జేస్తున్న,
మొన్ననే తెలిసింది:
వేడిని ఆపేది రేకు కాదు, ఆ సందే.

గొట్టం మూతి క్యాబిను వెనక, నెత్తి మీదికి.
ముందుకు తిప్పితే దుమ్ము,
పైకి తిప్పితే వాన.
అలిగిన పిల్లలెక్క వెనక్కి తిప్పిన.
కింద వంపు కాడ మేకు పట్టేంత బొక్క,
నీళ్లొస్తే కారిపోనీకి.
భావు కూలరు గడ్డి పట్టుకొచ్చిండు:
"ఇది గూడ కుక్కు, నీళ్లు నేను పోస్త."
"పెండ్లి పందిరనుకున్నవా?
నీళ్లు మింగితే ఇంజను సస్తది!"

గార్ వారా, గార్ వారా అని
టీ తాగినప్పుడల్లా పాట అతనికి.
వారా అంటే వాళ్లకు గాలి,
మాకు వారమంటే ఏడు దినాలు.
రెండూ నిజమే అయినై.
గాలి దొరకనీకి సరిగ్గ వారం పట్టింది.

ఎనిమిదో నాడు, పొద్దు గుంకినంక, స్టార్టు చేసినం.
కాటా చీటీ మూతి కాడ పట్టిన.
చేతిల నుంచి గుంజుకున్నది.
జాలికి అంటుకొని, అంకెలన్నీ బయటికి కనవడుకుంట
వణికింది చీటీ.
ఇద్దరం మాట్లాడలే.
పసిపిల్ల వేలు చీకినట్టు
నా అరచేయి మీద దాని గుంజుడు.

రాత్రి రెండింటికి ఫోను.
"ఎత్తెక్కిందా?"
"మూడో గేరే."
గుండె జారింది.
"పొగ తక్కువున్నది గని," అన్నడు, ఆగి.
"వర్ధా బ్రిడ్జి మీద ఆపిన.
పైకెక్కి మూతి కాడ చెయ్యి పెట్టిన.
నది మీది గాలి లోపలికి పోతున్నది.
నా చెయ్యి దానికి అడ్డం."
ఇంకేదో అన్నడు మరాఠీల,
హారన్ల నడుమ వినవడలే.

ఇంట్ల ఒక పక్క లేని కూలరు
వేడిగాలి కొడుతనే ఉన్నది.
రేకు లేని చోట
స్వరూప తడి దుప్పటి కట్టింది,
దాని మీది నీటి బొట్లు లెక్కవెట్టుకుంట పన్న.

తెల్లారి తలుపు తీస్తే
గేటు ముంగట ఇంకో రెండు లారీలు.
మా కూలరుకు
ఇంకా రెండు రేకులున్నై.